చిన్న ట్రస్టు లెక్కలను ఫోన్, కంప్యూటర్‌తో సరిగ్గా నడపడం ఎలా?

మే నెల మూడో వారం. బ్యాంకు స్టేట్‌మెంట్ ముందేసుకుని ట్రస్టు ఆఫీసులో కూర్చున్నాం. ఒక వరుసలో ‘యూపీఐ’ అన్న మాట, దాని పక్కన 12 అంకెల నంబరు, ఆ తర్వాత ‘వెంకట’ అని సగంలో ఆగిపోయిన పేరు, చివర 5,000 రూపాయలు. ఏ వెంకట? మా దాతల్లో ఆ పేరుతో మొదలయ్యేవాళ్లు తొమ్మిది మంది. నవంబరులో వచ్చిన డబ్బు అది. ఎవరిచ్చారో, దేనికోసం ఇచ్చారో మే నెలలో వెతుకుతున్నాం. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి ‘మీరేనాండీ?’ అని అడగాల్సి వచ్చింది. నమ్మి డబ్బిచ్చిన మనిషిని ఆరు నెలల తర్వాత అలా అడగడం చాలా బాధనిపించింది.

రసీదు పుస్తకాల రోజుల్లో ఈ టెన్షన్ లేదు. కార్బన్ పేపర్ పెట్టి రసీదు రాసి చేతికిస్తే, దాత దాన్నే చూపించి ఆదాయపు పన్ను చట్టంలోని 80జీ సెక్షన్ కింద పన్ను మినహాయింపు తీసుకునేవారు. 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి పద్ధతి మారింది. ప్రతి దాత వివరాలనూ ట్రస్టే ఫారం 10బీడీలో నింపి ఆదాయపు పన్ను పోర్టల్‌లో పెట్టాలి. అక్కడ తయారయ్యే 10బీఈ సర్టిఫికెట్‌ను దాతకు పంపాలి. రెండింటికీ గడువు మే 31. ఫారం ఆలస్యమైతే రోజుకు 200 రూపాయల రుసుము.

కంప్యూటర్ వచ్చాక లెక్కలు తేలికయ్యాయంటారు. నా అనుభవంలో అసలు మారింది లెక్క రాసే వేళ. మార్చిలో అకౌంటెంట్‌ను పిలిచి ఏడాది లెక్కంతా ఒక్కసారి రాయించే రోజులు పోయాయి. డబ్బు వచ్చిన రోజే దాని వివరం కూడా మన దగ్గరికి చేరాలి. కింద చెప్పే పనులన్నీ దానికోసమే.

ముందు ఒక తెల్లకాగితం

సాఫ్ట్‌వేర్ కొనకముందు ట్రస్టీలంతా ఒక గంట కూర్చోండి. మీరు చేసే కార్యక్రమాలను కాగితం మీద రాయండి: సాయంత్రం బడి, పుస్తకాల పంపిణీ, వైద్య శిబిరం, ఆఫీసు నిర్వహణ. దాని పక్కనే ఖర్చుల రకాలు రాయండి: జీతాలు, అద్దె, ప్రయాణం, ముద్రణ, మందులు. ఇక నుంచి ప్రతి ఖర్చూ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. దేనిమీద ఖర్చయింది? ఏ కార్యక్రమానికి ఖర్చయింది? మొదటి జవాబు లెడ్జర్, అంటే ఖర్చు పద్దు అవుతుంది. రెండోది ట్యాలీ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌లో కాస్ట్ సెంటర్ అవుతుంది.

ఈ రెండో ప్రశ్న దగ్గరే చాలా ట్రస్టులు దెబ్బతింటాయి. సీఎస్ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద డబ్బిచ్చిన కంపెనీ ‘మా ప్రాజెక్టుకు ఎంత ఖర్చయింది?’ అని అడుగుతుంది. కాస్ట్ సెంటర్లు ఉంటే ఆ రిపోర్టు నిమిషంలో వస్తుంది. లేకపోతే వోచర్లన్నీ కుప్ప పోసి ఏరుకోవాలి.

ఏడాదికి వంద, రెండు వందల విరాళాలు మాత్రమే వచ్చే ట్రస్టుకు మొదటి ఏడాది ఒక మంచి ఎక్సెల్ షీటు చాలు. గ్రాంట్లు, జీతాలు, టీడీఎస్ (చెల్లింపులోంచి ముందే కోసి ప్రభుత్వానికి కట్టే పన్ను) మొదలయ్యాక ట్యాలీకో అలాంటి మరో సాఫ్ట్‌వేర్‌కో మారండి. మీది సెక్షన్ 8 కంపెనీ (సేవ కోసం కంపెనీల చట్టం కింద నమోదైన సంస్థ) అయితే ఎంచుకునే వీలు తక్కువ. ఎంట్రీని ఎవరు ఎప్పుడు మార్చారో చెరగకుండా రాసిపెట్టే సాఫ్ట్‌వేరే వాడాలని కంపెనీలకు 2023 ఏప్రిల్ 1 నుంచి నిబంధన ఉంది. ట్రస్టులు, సొసైటీలు కూడా ఆ సదుపాయం ఉన్నదే తీసుకోవాలని నా గట్టి అభిప్రాయం. పదిమంది డబ్బు లెక్క రాసేవారికి దాన్ని మించిన రక్షణ లేదు.

క్యూఆర్ కోడ్ ఎవరి పేరు మీద ఉంది?

కార్యదర్శి గారి సొంత ఫోన్ నంబరుకు విరాళాలు వేయించుకోవడం చాలాచోట్ల చూశాను. ఆయన మంచితనం మీద ఎవరికీ అనుమానం లేదు. కానీ ఆ డబ్బు పడేది ఆయన సొంత ఖాతాలో. రేపు పన్ను అధికారి అడిగితే జవాబు చెప్పుకోవాల్సింది కూడా ఆయనే. బ్యాంకుకు వెళ్లి ట్రస్టు పేరుతోనే క్యూఆర్ కోడ్ తీసుకోండి. విరాళాలకు ఒకే ఖాతా పెట్టుకుంటే సరిచూసుకోవడమూ తేలిక.

నగదు ఇస్తామనే వారికి ఒక మాట ముందే చెప్పండి. 2,000 రూపాయలు దాటి నగదుగా ఇస్తే ఆ మొత్తానికి 80జీ మినహాయింపు రాదు. రసీదు రాశాక చెబితే వారు నొచ్చుకుంటారు. హుండీ పెట్టే సేవా ట్రస్టులు ఇంకొకటి గుర్తుంచుకోవాలి. ఇచ్చిన వారి పేరు, చిరునామా లేని విరాళాలు లక్ష రూపాయలు లేదా మొత్తం విరాళాల్లో 5 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే దాన్ని దాటితే, దాటిన మొత్తంపై 30 శాతం పన్ను పడుతుంది.

విరాళంతో పాటే వివరం

ఒక గూగుల్ ఫారం తయారు చేయండి. క్యూఆర్ కోడ్ ఉన్న పోస్టరు మీదే ఆ ఫారం లింకు కూడా ఉండాలి. ఫారంలో అడగాల్సినవి ఇవి: పాన్ కార్డు మీద ఉన్నట్టే పూర్తి పేరు, చిరునామా, పాన్ నంబరు, ఫోన్, ఈమెయిల్, పంపిన మొత్తం, యూపీఐలో కనిపించే 12 అంకెల నంబరు, విరాళం దేనికోసం, పాస్‌పోర్టు ఏ దేశానిది.

పాన్ కార్డు ఫొటో అడగకండి, నంబరు చాలు. దాతల పాన్ ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిరగడం మంచిది కాదు. నంబరు సరిగ్గా ఉందో లేదో కొంతవరకు మనమే చూసుకోవచ్చు. పాన్‌లో పది స్థానాలు ఉంటాయి. ముందు ఐదు అక్షరాలు, తర్వాత నాలుగు అంకెలు, చివర ఒక అక్షరం. వ్యక్తి పాన్ అయితే నాలుగో అక్షరం ‘పి’, కంపెనీది అయితే ‘సి’, ట్రస్టుది అయితే ‘టి’. వ్యక్తి పేరు రాసి నాలుగో స్థానంలో ‘సి’ ఉంటే అప్పుడే ఫోన్ చేసి కనుక్కోండి.

‘దేనికోసం’ అన్న ప్రశ్నను తేలిగ్గా తీసుకోవద్దు. 10బీడీలో ప్రతి విరాళానికీ అది మూలనిధికా (ఖర్చు చేయకుండా పెట్టుబడిగా దాచే కార్పస్), నిర్దిష్టమైన పనికి ఇచ్చిన గ్రాంటా, ఇతరమా అని చెప్పాలి. మూలనిధికి అని దాత స్వయంగా రాసి ఇస్తేనే అది మూలనిధి. మార్చి చివర ఆదాయం ఎక్కువ కనిపిస్తోందని మనమే అటు మార్చడం తప్పు. దాత పంపిన ఉత్తరమో ఈమెయిలో దాచిపెట్టండి. మూలనిధి డబ్బును విడిగా, చట్టం చెప్పిన చోట్లే పెట్టుబడిగా ఉంచాలి.

పాస్‌పోర్టు గురించి ఎందుకు అడగాలో కాస్త వివరంగా చెప్తాను. తెలుగువాళ్ల ట్రస్టులకు ఇది తప్పనిసరి. ఊరి బడికి అమెరికా నుంచి డబ్బు పంపే అన్నయ్యలు, అక్కయ్యలు ప్రతి ఊరికీ ఉన్నారు. వారి దగ్గర ఇంకా భారత పాస్‌పోర్టు ఉండి, సొంత సంపాదనను బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే అన్నయ్య అమెరికా పౌరసత్వం తీసుకున్న తర్వాత పంపితే, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నా సరే, అది విదేశీ విరాళమే. ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) అనుమతి లేని ట్రస్టు దాన్ని ముట్టుకోకూడదు. అనుమతి ఉన్న ట్రస్టు కూడా దాన్ని ఢిల్లీలోని ఎస్‌బీఐ న్యూఢిల్లీ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే తీసుకోవాలి. 2020 సవరణ పెట్టిన నిబంధన ఇది. ఇక్కడున్న బ్యాంకు ఖాతా నుంచి పంపినా పౌరసత్వమే లెక్క. ఊరికి వచ్చినప్పుడు అభిమానంతో క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి పంపేస్తారు, వారికి ఈ నిబంధన తెలియకపోవచ్చు. ముందే అడగడం మన పని. పొరపాటున డబ్బు పడితే ఒక్క రూపాయి కూడా ఖర్చు చేయకుండా అదే రోజు ఆడిటర్ గారికి చెప్పండి.

ఖర్చు చేసిన రోజే బిల్లు ఫొటో

పెట్రోల్ బంకులో ఇచ్చే బిల్లును ఒక్క వేసవి పాటు ఫైల్లో ఉంచి చూడండి. అక్షరాలు వెలిసిపోయి తెల్లకాగితం మిగులుతుంది. లెక్కల పుస్తకాలు, వాటి ఆధారాలు సంబంధిత అసెస్‌మెంట్ సంవత్సరం (ఆర్థిక సంవత్సరం తర్వాతి ఏడాది) ముగిశాక పదేళ్ల పాటు ఉంచాలని 2022లో వచ్చిన ఆదాయపు పన్ను 17ఏఏ నిబంధన చెబుతోంది. ఆ బిల్లు పది నెలలు కూడా ఆగదు. అదే నిబంధన లెక్కలను కంప్యూటర్‌లో ఉంచుకోవడానికి ఒప్పుకుంటోంది కాబట్టి ఖర్చయిన రోజే ఫొటో తీయండి. ఫైలు పేరులో తేదీ, వోచర్ నంబరు, మొత్తం రాయండి. ‘15-07, వోచర్ 112, 640’ అని ఉంటే మూడేళ్ల తర్వాత కూడా వెంటనే దొరుకుతుంది. ఏడాదికో ఫోల్డర్, అందులో నెలకో ఫోల్డర్ సరిపోతుంది.

చెల్లింపులు బ్యాంకు ద్వారానే చేయండి. ఒకే వ్యక్తికి ఒకే రోజు 10,000 రూపాయలు మించి నగదు ఇస్తే, ట్రస్టు ఆశయం కోసం పెట్టిన ఖర్చుగా దాన్ని ఒప్పుకోరు. ఆదాయంలో 85 శాతం సేవకు ఖర్చు చేసి చూపించాల్సిన మనకు అది పెద్ద నష్టం. టీడీఎస్ కోయాల్సిన చోట కోయకపోయినా ఆ ఖర్చులో 30 శాతం లెక్కకు రాదు. పందిరి వేసినతను, భోజనాలు వండినతను నగదే కావాలంటారు. వారికి ముందురోజే చెప్పి ఖాతా నంబరు తీసుకుంటే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

ప్రతి నెలా 5వ తేదీ లోపు

గత నెల బ్యాంకు స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ చేసి గూగుల్ ఫారం షీటు పక్కన పెట్టండి. 12 అంకెల నంబరును రెండింటిలో కలిపి చూడండి. కలిసినవాటికి టిక్కు పెట్టండి. కలవని వరుసలు విడిగా తీసి అప్పుడే ఫోన్ చేయండి. విరాళం ఇచ్చి మూడు వారాలే అయితే దాతకు గుర్తుంటుంది, సంతోషంగా చెబుతారు కూడా. మేం ఈ పద్ధతి పెట్టుకున్నాక మే నెలలో వెతకాల్సిన పేర్లు లేకుండా పోయాయి.

మే నెల పని

ఏప్రిల్లోనే మొదలుపెట్టండి. దాతల షీటును ఫారం 10బీడీ పట్టిక వరుసలోకి మార్చి, ఇద్దరు కూర్చుని ఒకరు చదువుతుంటే ఇంకొకరు సరిచూడండి. ఒక్క అక్షరం తప్పినా దాత మినహాయింపు ఆగిపోతుంది. పోర్టల్‌లో పెట్టాక తప్పు బయటపడితే సవరించిన ఫారం వేయవచ్చు, కంగారు పడొద్దు. తర్వాత 10బీఈ సర్టిఫికెట్లు డౌన్‌లోడ్ చేసి, వారి డబ్బుతో జరిగిన పని గురించి రెండు వాక్యాలు రాసి ఒక్కొక్కరికీ పంపండి.

కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కావడంతో సెక్షన్లు, ఫారాల నంబర్లు మారుతున్నాయి. ఇక్కడ చెప్పినవి ఇంతకాలం వాడుకలో ఉన్న నంబర్లు. ఫైల్ చేసే ముందు ఆ ఏడాదికి ఏవి వర్తిస్తాయో ఆడిటర్ గారిని అడిగి, ఆఫీసు గోడ మీద అంటించుకోండి.

ఓటీపీ ఎవరి ఫోన్‌కు వస్తుంది?

ఆదాయపు పన్ను పోర్టల్, బ్యాంకు, గూగుల్ ఖాతా, దర్పణ్ పోర్టల్ (స్వచ్ఛంద సంస్థలు నమోదయ్యే ప్రభుత్వ వెబ్‌సైట్). ఈ నాలుగింటికీ ఏ ఫోన్ నంబరు, ఏ ఈమెయిల్ ఇచ్చారో ఈ రోజే చూడండి. ఎప్పుడో మానేసిన అకౌంటెంట్ నంబరు ఉంటే మార్చండి. ట్రస్టు పేరుతో ఒక సిమ్ము తీసుకుని ఆఫీసులోనే ఉంచడం మంచిది. బ్యాంకులో ఒకరు చెల్లింపు నమోదు చేస్తే ఇంకొకరు ఆమోదించేలా పెట్టుకోండి. ట్యాలీ డేటాను వారానికోసారి పెన్ డ్రైవ్‌లోకి, మరో కాపీ గూగుల్ డ్రైవ్‌లోకి తీయండి. ఆ పెన్ డ్రైవ్‌ను ఆఫీసు బీరువాలో కాకుండా వేరే ట్రస్టీ ఇంట్లో ఉంచండి.