స్కోప్ పాఠాలు – 5: గీత కదల్లేదు, కన్ను కదిలింది

ఈసారి వానాకాలం తడి, లోపలి అద్దం మీద పట్టే ఫంగస్ గురించి రాద్దామనుకున్నాను. అది వచ్చే పాఠానికి వాయిదా. నాలుగో పాఠం చదివి ఎయిర్ రైఫిల్ స్కోప్‌ని జీరో చేసినవాళ్ళు, అంటే స్కోప్‌లో కనబడే గీత ఎక్కడ పెడితే పెల్లెట్ అక్కడే తగిలేలా కుదిర్చినవాళ్ళు, పంపిన కాగితాల ఫోటోలు ఇరవై దాకా చూశాను. సగానికి పైగా కాగితాల్లో పెల్లెట్లు చల్లిన పెసల్లాగ ఉన్నాయి. ఇవి చూశాక ముందుకెళ్ళడం నావల్ల కాదు.

ముందు రెండు చిన్న తప్పులు తీసేద్దాం. టర్రెట్, అంటే గురి సర్దడానికి క్లిక్కు క్లిక్కుగా తిప్పే నాబ్, దాని మీద బాణం పక్కన ‘అప్’ అని ఉంటే, అటు తిప్పితే పెల్లెట్ తగిలే చోటు పైకి వెళ్తుందని అర్థం. గీత పైకి వెళ్తుందని కాదు. తిరగేసి తిప్పినవాళ్ళంతా ఇక్కడే పడ్డారు.

రెండోదాంట్లో నా తప్పు కూడా ఉంది. పావు ఎంఓఏ (ఎంఓఏ అంటే డిగ్రీలో అరవయ్యో వంతు కోణం) క్లిక్ అంటే 100 మీటర్ల దగ్గర సుమారు 7.3 మి.మీ. అని చెప్పి ఊరుకున్నాను. మీరు కాగితం పెట్టింది 25 మీటర్లలో. అక్కడ అదే క్లిక్ 1.8 మి.మీ. మాత్రమే కదుపుతుంది. 20 మి.మీ. కిందికి పడుతోందని మూడు క్లిక్కులు తిప్పి, ‘స్కోప్ పని చెయ్యట్లేదు’ అని రాసినవాళ్ళు పదకొండు తిప్పాలి. 0.1 మిల్ (ఇదీ కోణం కొలతే) టర్రెట్ ఉన్నవాళ్ళకి 25 మీటర్లలో క్లిక్కుకి 2.5 మి.మీ., కాబట్టి ఎనిమిది చాలు. రింగులు బిగించడం, స్కోప్ వంకర లేకుండా కూర్చోబెట్టడం మళ్ళీ చెప్పను, ఈపాటికి మీకు వచ్చేసి ఉండాలి.

కొత్తగా చేరినవాళ్ళకి ఒక మాట. పెట్టె మీద ‘హంటింగ్’ అని ఉన్నంత మాత్రాన వేటకి అనుమతి ఉన్నట్టు కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం మన దగ్గర వేట నేరం. ఈ పాఠాలన్నీ 4.5 మి.మీ. ఎయిర్ రైఫిల్‌తో, వెనక మట్టిగట్టు ఉన్న చోట, కాగితం మీద గురి కోసమే. పిట్టల మీద గురి పెట్టేవాళ్ళకి నా దగ్గర పాఠం లేదు.

ఇక అసలు సంగతి. రాజాం నుంచి ఒకాయన ఫోన్ చేశాడు. ఆస్ట్రియాలో తయారైన హంటింగ్ స్కోప్, ముందు అద్దం 42 మి.మీ., ఇంట్లో వాళ్ళకి ఖరీదు చెప్పలేదట. “ఇదేటండీ మాస్టారూ, రైఫిల్ ఇసక సంచి మీద రాయిలాగుంది, గీత మాత్రం ఎల్లిపోతంది” అన్నాడు. ఆదివారం పొద్దున్న నెల్లిమర్ల దగ్గర మా మామిడి తోటకి రమ్మన్నాను. 25 మీటర్లలో తెల్లకాగితం కట్టి, పది రూపాయల బిళ్ళ పెట్టి చుట్టూ పెన్సిల్‌తో గీసి, లోపలంతా నల్లగా పూసాం. రైఫిల్‌ని రెండు సంచుల మధ్య దిగేసి, గీత నడిమధ్యకి తెచ్చి, చేతులు పూర్తిగా తీసెయ్యమన్నాను. ఇప్పుడు రైఫిల్‌ని తాకకుండా స్కోప్ వెనక తల మెల్లగా ఎడమకీ కుడికీ కదపమన్నాను. ఆయన గడ్డం కింద చెమట కారుతోంది, ఊపిరి బిగపట్టేశాడు. గీత నల్లబిళ్ళ మధ్య నుంచి జారుతూ జారుతూ అంచు దాటి తెల్లకాగితం మీదికి వెళ్ళింది, తల ఇటు తిప్పితే అవతలి అంచుకి వచ్చింది. రైఫిల్ మీద వాలిన చీమ కూడా కదల్లేదు.

దీన్నే పారలాక్స్ అంటారు. మీకు తెలిసిందే, పేరు తెలియదంతే. బండి వెనక సీట్లో కూర్చుని పక్కనుంచి స్పీడు ముల్లు చూస్తే 40 బదులు 45 కనబడుతుంది, ఎందుకంటే ముల్లు ముందుంది, అంకెల పలక వెనకుంది. గోడ గడియారాన్ని మూలనుంచి చూసినా అంతే. చీపురుపల్లి వైపు రైలు కిటికీలోంచి చూస్తే పట్టాల పక్క తాటిచెట్లు కొండకి అడ్డంగా పరిగెడతాయి, చెట్టూ కొండా ఒకే దూరంలో ఉంటే ఏదీ పరిగెత్తదు. స్కోప్‌లో ముందు అద్దం లక్ష్యం బొమ్మని గొట్టం లోపల ఒకచోట నిలబెడుతుంది, గీత ఇంకోచోట ఉంటుంది. రెండూ ఒకే తలంలో ఉంటే కన్ను ఎటు కదిలినా గీత కదలదు. బొమ్మ కాస్త ముందో వెనకో పడితే కంటితోపాటు గీత జారుతుంది.

ఎంత జారుతుందో లెక్క కట్టొచ్చు. ముందు అద్దం వెడల్పులో సగం తీసుకోండి. పారలాక్స్ లేకుండా ఫ్యాక్టరీలో స్కోప్ కుదిర్చిన దూరానికీ మీ లక్ష్యానికీ ఉన్న తేడాతో గుణించి, కుదిర్చిన దూరంతో భాగించండి. రాజాం ఆయన స్కోప్ 100 మీటర్లకి కుదిర్చి వచ్చింది: 21 ఇంటూ 75 బై 100, దాదాపు 16 మి.మీ. అది ఒక పక్కకే. రెండు పక్కలా కలిపితే 32, పది రూపాయల బిళ్ళ వెడల్పు 27. అందుకే గీత అంచు దాటింది. అదే స్కోప్‌తో 10 మీటర్లలో చూస్తే ఒక పక్కకి 19, 50 మీటర్లలో 10.5, సరిగ్గా 100లో సున్న.

అయితే అంత ఖరీదైన స్కోప్‌కి ఈ లోపం ఎందుకుంది? ఇది లోపం కాదు. యూరప్‌లో లైసెన్సుతో జింకని వేటాడేవాడికి గుండె, ఊపిరితిత్తుల చోటు అన్నం పళ్ళెమంత ఉంటుంది, 16 మి.మీ. వాడికి లెక్కే కాదు. వాడికి కావలసింది మునిమాపు వెలుతురులో ఇంకో పావుగంట చూడగలగడం. వాడు పోసే డబ్బంతా ఆ అద్దానికీ దాని మీది పూతకీ పోతుంది. ఆ పూత 1935లో జైస్‌లో పనిచేసిన స్మకులా కనిపెట్టింది, అది లేకపోతే ప్రతి అద్దం దగ్గరా కాస్త వెలుతురు వెనక్కి తిరిగిపోతుంది. పారలాక్స్ సర్దడానికి కొన్ని స్కోప్‌లకి పక్కన సైడ్ నాబ్ ఉంటుంది, చీకట్లో తిప్పాల్సిన ఆ నాబ్ ఒకటి తక్కువైతే వేటగాడికి అదీ మంచిదే. మనం ఆ స్కోప్ తెచ్చి పాతిక మీటర్లలో బిళ్ళని గురి పెడుతున్నాం. స్కోప్ మంచిదే, పని వేరు.

సైడ్ నాబ్ లేనివాళ్ళకి నా పద్ధతి ఇది. తల మెల్లగా వెనక్కి లాగండి, అద్దం చుట్టూ నల్లటి నీడ వస్తుంది. ఆ నీడ నాలుగు వైపులా సమానంగా ఉండేలా తల సర్దుకుని, అక్కడే చెంప ఆన్చి కాల్చండి. ఒక పక్క నెలవంకలాగ మందంగా ఉందంటే కన్ను అవతలికి పోయిందని అర్థం. కాగితం మీదైతే జూమ్ ఎక్కువగానే పెట్టుకోండి. 42 మి.మీ. అద్దానికి జూమ్ 4లో కంటికి వచ్చే వెలుతురు చుక్క 10.5 మి.మీ., 12లో 3.5 మాత్రమే. చుక్క చిన్నదైతే కన్ను మధ్యలో లేనప్పుడు వెంటనే నీడ కనబడుతుంది. చెంప ప్రతిసారీ ఒకేచోట ఆనడానికి పాత తువ్వాలు మడిచి బట్ మీద టేపుతో చుట్టుకున్నాను. అందంగా ఉండదు, కానీ దుకాణంలో అమ్మే చెంపదిండు కంటే నాకు అదే నచ్చింది.

సైడ్ నాబ్ ఉన్నవాళ్ళకి అసలు చెప్పాల్సిందుంది, ఇదే నన్ను బాగా విసిగిస్తోంది. ఆ నాబ్ బొమ్మ సాఫీగా కనబడేదాకా తిప్పే ఫోకస్ నాబ్ కాదు. ఇది నాలుగు పాఠాలుగా చెప్తున్నాను. మీ కన్ను, ముఖ్యంగా నలభై లోపు వాళ్ళ కన్ను, తనంతట తానే సర్దుకుంటుంది. పారలాక్స్ తప్పుగా ఉన్నా ‘అబ్బ, ఎంత క్లియర్’ అనిపిస్తుంది. నాబ్ మీద 25 అని అచ్చువేసి ఉంది కాబట్టి 25 దగ్గర పెట్టాను అంటారు, ఆ అంకె ఫ్యాక్టరీ అంచనా, మీ స్కోప్ సత్యం కాదు. ఎండాకాలం మధ్యాహ్నం ఉండే చోటు, తెల్లవారుజామున ఉండే చోటు కూడా ఒకటి కాకపోవచ్చు, వేడికి లోపలి లోహం సాగుతుంది కదా. కాబట్టి ముందు కంటి దగ్గరి ఐపీస్ కుదర్చాలి. సూర్యుడు లేని వైపు ఖాళీ ఆకాశానికి స్కోప్ తిప్పి, కళ్ళు మూసి, తెరిచి, రెండు సెకన్లలో గీత నల్లగా పదునుగా కనబడిందా లేదా చూడండి. రెండు సెకన్ల కంటే ఎక్కువ చూస్తే కన్ను సర్దుకుని అబద్ధం చెప్తుంది. కుదిరాక ఐపీస్‌ని ఇక ముట్టుకోవద్దు. ఆ తరువాతే సైడ్ నాబ్. బొమ్మ దాదాపు సాఫీ అయ్యేదాకా తెచ్చి, ఆగి, తల ఆడించి, గీత జారుతోందా చూసి, వెంట్రుకవాసి తిప్పి, మళ్ళీ తల ఆడించి చూడండి. గీత బిళ్ళ మీద మేకు కొట్టినట్టు నిలబడితే అదే చోటు. బొమ్మ పదునుకీ, నిలకడకీ తేడా వస్తే నిలకడనే నమ్మండి.

పొద్దున్న తొమ్మిది దాటాక పొలం మీద వేడి ఆవిరికి లక్ష్యం మొత్తం నీళ్ళలో ఉన్నట్టు వణుకుతుంది, దాన్ని చూసి పారలాక్స్ అనుకోకండి. పారలాక్స్‌లో కన్ను కదిలితేనే కదలిక ఉంటుంది.

అభ్యాసం. ఆరు రోజులు ఒక్క పెల్లెట్ కూడా కాల్చొద్దు. తాళ్ళ లెక్క కాకుండా కొలత టేపుతో 10, 15, 20, 25, 30, 40, 50 మీటర్ల దగ్గర పుల్లలు పాతండి. పాత జీన్స్ ప్యాంటు కాలు కోసి నాగావళి ఇసకతో నింపిన సంచి మీద రైఫిల్ పెట్టండి, సముద్రపు ఇసక వద్దు, ఉప్పు తేమని లాగి ఇనుముకి తుప్పు పట్టిస్తుంది. సైడ్ నాబ్ చుట్టూ తెల్ల ఇన్సులేషన్ టేపు అంటించి, ప్రతి దూరానికీ తల ఆడించి నిలకడ వచ్చిన చోట సన్నపెన్నుతో గీత గీయండి. ఒకసారి తక్కువ దూరం నుంచి ఎక్కువకి, ఇంకోసారి ఎక్కువ నుంచి తక్కువకి. తెల్లవారుజామున మూడు రోజులు, మధ్యాహ్నం మూడు రోజులు. ఒకే దూరానికి గీతలు చెదిరితే ఆ దూరం మళ్ళీ చెయ్యండి. నాబ్ లేనివాళ్ళు నీడ పద్ధతిలో చెంప ఆన్చి, తల ఎత్తి, మళ్ళీ ఆన్చి, ఇలా రోజుకి యాభైసార్లు. ఏడో రోజు ఐదు పెల్లెట్లు, 25 మీటర్లు, పది రూపాయల బిళ్ళ.

కాగితం ఫోటోతోపాటు టేపు గీతల ఫోటో కూడా పంపండి, టేపు లేకుండా కాగితం ఒక్కటే పంపితే చూడను. సోంపేట, భావనపాడు వైపు సముద్రం పక్కనున్నవాళ్ళు ఫంగస్ గురించి చెప్పే వచ్చే పాఠం దాకా ఆగకుండా ఈరోజే స్కోప్‌ని తోలు కేసులోంచి తీసి, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి పెట్టండి.