సిమెంటు లోడు: కాటా నుంచి రసీదు దాకా

ఫ్యాక్టరీ గేటు దగ్గర లైన్లో ఉండగానే లారీ బాడీలోకి ఎక్కి చూడండి. పలకల్లోంచి ఒక్క మేకు పైకి లేచి ఉన్నా అడుగు వరస బస్తా చిరుగుతుంది, దింపేదాకా ఆ సంగతి తెలియదు. మేకులు కొట్టి, ఊడ్చి, పాత పట్టా (టార్పాలిన్) పరచండి. వెనకటి లోడు ఉప్పో, యూరియానో అయితే ఊడిస్తే సరిపోదు. అవి చెమ్మ లాగుతాయి, కాబట్టి కడిగి ఆరబెట్టాలి.

50 కిలోల బస్తాలు 20 అయితే టన్ను. 2018లో పెంచిన లెక్కల ప్రకారం పది టైర్ల లారీ లోడుతో కలిపి 28.5 టన్నులు తూగొచ్చు. పాత బండి ఆర్‌సీలో 25 అనే ఉంటే మాత్రం ఆ 25కే కట్టుబడాలి. ఖాళీ బండి 9.5 టన్నులైతే 19 టన్నులు ఎక్కుతాయి, అంటే 380 బస్తాలు. ఖాళీ కాటా వేయించాక ట్యాంకులో 200 లీటర్లు పోయిస్తే దాదాపు 170 కిలోలు పెరిగినట్టే. దీన్ని చాలామంది లెక్కలోకి తీసుకోరు. అధిక లోడుకు చట్టంలో జరిమానా 20,000 రూపాయలు, ఆపై ఎక్కువైన ప్రతి టన్నుకూ 2,000. ఎక్కువ సరుకు దింపించడం అదనం.

హమాలీలు వేసే తీరు దగ్గరుండి చూసుకోండి. ఒక వరస నిలువుగా, దాని మీది వరస అడ్డంగా, ఇటుకల కట్టుబడిలా పడాలి. అన్నీ ఒకే వైపు పేరిస్తే మలుపులో గోడ మొత్తం జారుతుంది. సగం లోడుంటే తప్పు ఇంకా తేలిగ్గా జరుగుతుంది, చేతికి దగ్గరని తలుపు వైపే పేర్చేస్తారు. వెనక బరువెక్కితే ముందు తేలి స్టీరింగు పట్టు తప్పుతుంది. అంతా క్యాబిన్ వైపు తోస్తే స్టీరింగు బరువెక్కి ముందు టైర్లు వేడెక్కుతాయి. వెనక ఇరుసుల జంటకు కాస్త ముందుగా బరువు పడాలి.

రెండు పట్టాలు కప్పేటప్పుడు మొదట వెనక భాగం పట్టా పరచి, క్యాబిన్ వైపుది దాని మీదికి వచ్చేలా వేయండి. తారుమారైతే గాలి అతుకులో దూరి పట్టాను లేపుతుంది, వెంటే వాన దిగుతుంది. పట్టా కింద మధ్యలో ఖాళీ గోనెలు పేర్చి ఎత్తు చేస్తే నీళ్లు నిలవకుండా పక్కలకు జారతాయి. తాళ్లు అడ్డంగానూ ఏటవాలుగానూ బిగించండి. 30 కిలోమీటర్లు పోయాక ఆగి మళ్లీ బిగించాల్సిందే, ఎందుకంటే గతుకులకు బస్తాలు సర్దుకుని తాళ్లు వదులవుతాయి. అప్పుడే రాడ్డుతో వెనక టైర్లు కొట్టి చూడండి. జంట టైర్లలో ఒకదానికి గాలి తగ్గితే బరువంతా రెండోదాని మీద పడుతుంది, అది వేడెక్కి పేలుతుంది.

సరుకు విలువ 50,000 రూపాయలు దాటితే ఈ-వే బిల్లు, అంటే జీఎస్‌టీ కింద ఆన్‌లైన్లో తీసే రవాణా పత్రం, కావాలి. దాని గడువు ప్రతి 200 కిలోమీటర్లకు ఒక రోజు. బండి చెడి సరుకు వేరే లారీలోకి మార్చితే, కదిలే ముందే బిల్లులో కొత్త నంబరు ఎక్కించమని ట్రాన్స్‌పోర్టు ఆఫీసుకు చెప్పండి. గడువు పెంచుకోవడానికి ముగిసే సమయానికి ముందు 8 గంటలు, తర్వాత 8 గంటలే వీలుంటుంది.

అనంతగిరి లాంటి ఘాట్‌లో దిగేటప్పుడు దిగుడు మొదలవకముందే చిన్న గేరు వేసి, ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజిన్ పొగను అడ్డుకుని బండి వేగం తగ్గించేది) వాడండి. డీజిల్ మిగులుతుందని న్యూట్రల్‌లో వదిలితే ఇంజిన్ పట్టు పోతుంది, భారమంతా బ్రేకు షూల మీద పడి అవి వేడెక్కి పట్టు విడుస్తాయి.

దింపే చోట చేరిన టైము రాయించి సంతకం తీసుకోండి, హాల్టింగ్ (దింపడం ఆలస్యమై బండి ఆగినందుకు ఇచ్చే డబ్బు) అడగాలంటే అదే ఆధారం. వరసకు ఎన్ని బస్తాలో మీరూ లెక్కపెట్టండి. రసీదు మీద ‘అందినవి 380, అందులో చిరిగినవి 2’ అని స్పష్టంగా రాసి స్టాంపు వేయాలి. ఉత్తి సంతకానికి ఒప్పుకుంటే తర్వాత వచ్చిన తరుగును కిరాయిలోంచే కోస్తారు. స్టాంపు పడిన రసీదును అక్కడే ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి, అసలు కాగితం తడిసినా పోయినా బ్యాలెన్సు కిరాయి అడగడానికి చేతిలో ఏదో ఒకటి ఉంటుంది.