తోలు పని నేర్చుకుందాం – 3వ పాఠం: గీకుడు కత్తిని ఎంచుకోవడం

పోయిన పాఠంలో తోలు పరిచి గీకడానికి దుంగ సిద్ధం చేసుకున్నాం. ఒక కొన నేల మీద, రెండో కొన బొడ్డు ఎత్తున ఉండేలా వాల్చి, పైభాగాన్ని గుండ్రంగా చెక్కి, చేత్తో నిమిరితే ఎక్కడా గుచ్చుకోనంత నున్నగా రుద్దాం. ఇప్పుడు దాని మీద పనిచేసే కత్తి చూద్దాం. తోలు లోపలివైపు అంటుకుని ఉన్న కండ, కొవ్వు, పలచటి పొర తీసేసే రెండు పిడుల కత్తి ఇది. ఇంగ్లీషులో ఫ్లెషింగ్ నైఫ్ అంటారు. మనం గీకుడు కత్తి అనుకుందాం. కండ, కొవ్వు మిగిలిపోతే వాటి కింద తోలులోకి ఉప్పు దిగదు. దిగని చోట తోలు కుళ్లడం మొదలై, బొచ్చు కుదుళ్లతో సహా ఊడి వస్తుంది. కాబట్టి ఈ పని అయిందనిపించుకుంటే సరిపోదు, శుభ్రంగా జరగాలి.

పదును అనే మాట చూడండి. కత్తికి పదును పెడతాం, తోళ్లను పదును చేస్తాం, వాన పడ్డాక నేల దున్నడానికి సరిగ్గా వస్తే పదునైందంటాం. గీకుడు కత్తి కొనబోయేవాళ్లకి వీటిలో మొదటి పదునే గుర్తుంటుంది. కత్తి చేతికి రాగానే బొటనవేలు అంచు మీదికి పోతుంది. నాదీ అలాగే పోయింది. నా మొదటి కత్తికి రెండంచులూ గడ్డం గీసేంత పదును. ముట్టుకుంటే తెగుతుందని అమ్మినాయన గొప్పగా చెప్పాడు. నిజమే చెప్పాడు. మేకతోలు మెడ దగ్గర మొదలుపెట్టి నడుము దాకా వచ్చేసరికి ఏడు చిల్లులు లెక్కపెట్టుకున్నాను. ఆయన తప్పేమీ లేదు, నేను అడిగిందే అది.

మంచి గీకుడు కత్తిలో ముందు చూడాల్సింది మొద్దంచు. పదునంచు తర్వాత.

మొద్దంచు కథ

రెండు పిడుల కత్తిని బల్ల మీద పెడితే చాలావాటికి అలుగు, అంటే పిడుల మధ్య ఉండే రేకు, కొద్దిగా విల్లులా వంగి ఉంటుంది. ఉబ్బిన వైపు పదునంచు, లోపలికి వంగిన వైపు మొద్దంచు. ఒక కత్తిలోనే రెండు పనిముట్లన్నమాట. మొద్దంచుతో తోస్తాం, పదునంచుతో కోస్తాం. బొచ్చు తోళ్ల మీద జరిగే పనిలో ఎక్కువ భాగం తొయ్యడమే.

మొద్దు అన్నాను కదా అని అరిగిపోయి గుండ్రంగా అయిన అంచు అనుకోవద్దు. అది పనికిరాదు. కొవ్వు మీద జారిపోతుంది, మీ బలమంతా వృథా. కావాల్సింది పలక అంచులాంటి అంచు. అంటే అలుగు మందాన్ని అడ్డంగా తెగ్గొట్టినట్టు, రెండు వైపులా 90 డిగ్రీల మూలలు నిలబడి ఉండాలి. ఆ మూల కండ కిందికి దూరి దాన్ని ఎత్తి ముందుకు నెడుతుంది. తోలు పీచులోకి మాత్రం దిగదు. వడ్రంగులు చెక్కను నున్న చేయడానికి వాడే ఉక్కు రేకు అంచును కూడా ముందు ఇలాంటి మూలగానే నిలబెడతారు. అది చూసినవాళ్లకి నేను చెప్పేది వెంటనే తెలుస్తుంది.

పరీక్ష సులువు. మొద్దంచును బొటనవేలి గోరు మీద నిలువుగా ఆనించి, బరువు పెట్టకుండా మెల్లగా లాగండి. గోరును కాస్త పట్టుకున్నట్టుండాలి, చర్మం మీద పెడితే కోయకూడదు. గోరు మీద జారిపోతే మూల అరిగినట్టే. అయితే దాన్నిబట్టి కత్తిని పక్కన పడేయకండి. చదునైన ఆకురాయితో అంచును నిటారుగా రుద్దితే మూల మళ్లీ లేస్తుంది. రుద్దాక సన్నటి గరుకు మిగిలితే మాత్రం సానరాయి మీద రెండుసార్లు నూరి తీసేయాలి, లేకపోతే తోలు మీద గీతలు పడతాయి. అలుగు రెండు చివర్లలో ఉండే కోణాలను మాత్రం గుండ్రం చేసేయండి. చిల్లులు చాలావరకు ఆ చివర్ల వల్లే.

పదును లేని పనిముట్టుతో తోలు పని చేయడం నేటి తెలివి కాదు. ఫ్రాన్స్‌లోని పెష్ ద లాజే, అబ్రీ పేరోనీ అనే చోట్ల తవ్వకాల్లో జంతువుల పక్కటెముకలతో చేసిన పనిముట్లు దొరికాయి. అవి సుమారు 50,000 ఏళ్ల కిందట నియాండర్తల్ మనుషులు తోళ్లను రుద్ది నునుపు చేయడానికి వాడినవని 2013లో పరిశోధకులు ప్రకటించారు. గుండ్రటి కొన ఉన్న ఎముక ముక్కలు, అంతే.

మరి పదునంచు ఎందుకు? మెడ దగ్గర, వీపు మీద కొన్నిచోట్ల పీచులాంటి గట్టి పొర ఉంటుంది. ఎంత తోసినా రాదు. అక్కడ కత్తిని తిప్పి, అలుగును దాదాపు తోలుకు పడుకోబెట్టి, పక్కకి జారుస్తూ పలచగా కోయాలి. పదునంచు నిజంగా పదునుగానే ఉండాలి. సగం పదునుతో పని చేస్తే బలం ఎక్కువ పెడతాం, బలం పెట్టినప్పుడే చెయ్యి తప్పుతుంది.

ఏ తోలుకి ఏ కత్తి

ఇక్కడే ఎక్కువమంది పొరపడతారు. ఒకే పెద్ద కత్తి కొని అన్నిటికీ అదే అంటారు.

కుందేలు తోలు కాగితంలాంటిది. దానికి ఈ కత్తే అక్కర్లేదంటాను. పచ్చిగా ఉన్నప్పుడు పైపైన కొవ్వు మాత్రం మొద్దు చెంచాతో తీసి, తర్వాత ఉప్పూ ఆమ్లమూ కలిపిన నీళ్లలో నానబెడితే లోపలి పొర వదులవుతుంది. అప్పుడు వేళ్లతోనే ఒలవచ్చు. పచ్చిగా ఉండగానే మొత్తం తీయాలని పట్టుబడితే తోలే చిరుగుతుంది.

మేకతోలు నేర్చుకునేవాళ్లకి మంచి నేస్తం. గట్టిది, కొవ్వు తక్కువ. చంకలు, పొట్ట పక్కలు మాత్రం పలచన. దీనికి 10, 12 అంగుళాల అలుగు ఉన్న తేలికైన కత్తి చాలు. మెడ తప్ప మిగతా తోలంతా మొద్దంచుతోనే అయిపోతుంది.

గొర్రెతోలుకి కొవ్వు ఎక్కువ, కాబట్టి కాస్త పొడవైన అలుగు అయితే పని త్వరగా తెములుతుంది. కానీ గొర్రెతోలులో అసలు చిక్కు కత్తిది కాదు, ఉన్నిది. ఉన్నిలో పల్లేరుకాయో, పేడ ఉండో ఇరుక్కుని ఉంటే దుంగ మీద తోలు అక్కడ ఉబ్బుతుంది. కత్తి ఆ ఉబ్బు మీదుగా పోతే చిల్లు ఖాయం. ఎంత మంచి కత్తి అయినా సరే. ముందు ఉన్ని దువ్వండి, తర్వాత కత్తి పట్టండి.

ఆవు, గేదె తోళ్లు వేరే లోకం. మందం ఎక్కువ, బరువు ఎక్కువ. వీటికి 16 అంగుళాలు, ఆపైన అలుగు ఉన్న బరువైన కత్తి కావాలి, పదునంచు పని కూడా ఎక్కువ. చేతులు, నడుము అలవాటు పడేదాకా వీటి జోలికి పోవద్దు.

వంపు, బిగువు

కత్తి వంపు దుంగ గుండ్రంతో సరిగ్గా కలిసిపోతే బావుంటుందని అనిపిస్తుంది. నిజానికి అప్పుడు అలుగంతా ఒకేసారి తోలుకు తగిలి, తొయ్యడం కష్టమవుతుంది. కత్తి వంపు దుంగ గుండ్రం కంటే తక్కువగా ఉండాలి. తగిలే చోటు ఒకటి రెండు అంగుళాలు ఉంటే చేతిలో పట్టు ఉంటుంది. దుంగ మీద సుద్ద పూసి, కత్తిని ఆనించి ఒకసారి ముందుకు తోసి చూడండి. సుద్ద చెరిగిన పట్టీ వెడల్పే మీ కత్తి తగిలే చోటు. వంపు లేని తిన్నని అలుగు కూడా తప్పు కాదు. అయితే దుంగ సన్నగా, బాగా గుండ్రంగా ఉంటే ఒత్తిడంతా ఒక గీత మీదే పడుతుంది, అక్కడ జాగ్రత్త.

అలుగు బిర్రుగా ఉండాలి. రెండు పిడులూ పట్టుకుని వంచితే వంగే కత్తి కొనకండి. ఆడే అలుగు మెత్తటి కొవ్వు మీద బాగానే పోతుంది, గట్టి పొర తగలగానే ఎగిరి అవతల పడుతుంది. పిడి లోపల ఇనుము చివరి దాకా వెళ్లిందో లేదో అడగండి. పిడి పట్టుకుని చెవి దగ్గర ఊపితే వదులుగా ఉన్నది చప్పుడు చేస్తుంది. చేతులకి కొవ్వు అంటుతుందని మర్చిపోవద్దు. అందంగా పాలిష్ పెట్టిన పిడి అరగంటలో సబ్బుముక్క అవుతుంది.

పాత కత్తి కొంటుంటే అంచును కంటి ఎదుట పెట్టుకుని ఒక కొన నుంచి చివరిదాకా చూడండి. ఏళ్ల తరబడి మధ్యలోనే నూరిన కత్తికి అక్కడ గుంట పడి ఉంటుంది.

ఉక్కు సంగతి

కార్బన్ స్టీల్‌కి పదును తేలిగ్గా వస్తుంది, ఉప్పు తగిలితే అంతే తేలిగ్గా తుప్పూ పడుతుంది. స్టెయిన్‌లెస్ నూరడానికి మొండికేస్తుంది కానీ ఉప్పుకి చాలావరకు తట్టుకుంటుంది. ఎక్కువ వాడేది మొద్దంచే కాబట్టి నేను స్టెయిన్‌లెస్ వైపే మొగ్గుతాను. చెట్టు బెరడుతో తోలు పదును చేసే ఆలోచన ఉంటే ఇంకో కారణం కూడా ఉంది. బెరడులోని టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము కలిస్తే నీలినలుపు రంగు వస్తుంది. పాతకాలంలో సిరా ఇలాగే చేసేవాళ్లు. తుప్పు కత్తితో గీకిన తోలు మీద ఆ మచ్చలు పడితే పోగొట్టడం చాలా కష్టం.

సొంతంగా చేసుకుంటానంటే లారీ కమాను పట్టీ మంచి ఉక్కే. గ్రైండర్ మీద పెట్టేటప్పుడు మాటిమాటికీ నీళ్లలో ముంచండి. అంచు నీలంగా మారిందంటే అక్కడ ఉక్కు గట్టిదనం తగ్గిపోయింది, ఆ అంచు పదును నిలవదు. వంటింటి కత్తితో సర్దుకుందామనుకునేవాళ్లకి ఒకటే జవాబు: దాని మొన చాలు మీ తోలు పాడవడానికి.

ఈ పాఠానికి అభ్యాసం

తోలు అక్కర్లేదు. దుంగ మీద పాత దుప్పటి నాలుగు మడతలు పరిచి, దాని మీద తడిపిన మందపాటి కాగితం వేయండి. కాగితం మీద గట్టిగా కలిపిన పిండి అరంగుళం మందాన పులమండి. దుప్పటి, కాగితం పైకొనను దుంగకేసి పొట్టతో అదిమిపెట్టి, మొద్దంచుతో మీ నుంచి అవతలికి తోస్తూ పిండిని తీసేయండి. కత్తిని మొదట నిటారుగా పట్టుకోండి, తర్వాత కొద్దికొద్దిగా ముందుకి వాల్చి చూడండి. ఏ వాలు దగ్గర పిండి చుట్ట చుట్టుకుంటూ లేస్తుందో, ఏ వాలు దగ్గర కాగితం చిరుగుతుందో రాసిపెట్టుకోండి. తర్వాత దుప్పటి మడతల మధ్య ఒక గులకరాయి పెట్టి మళ్లీ చేయండి. పల్లేరుకాయ గురించి నేనెందుకు అంతగా చెప్పానో తెలుస్తుంది.

4వ పాఠంలో నిజమైన మేకతోలు దుంగ మీదికి ఎక్కిద్దాం. మెడ నుంచి తోక వైపుకే ఎందుకు తోయాలి, బొచ్చు కుదుళ్లు నల్ల చుక్కల్లా కనిపించడం మొదలైతే ఎక్కడ ఆపాలి అన్నవి అప్పుడు చూద్దాం. ఈలోగా మీ కత్తి మొద్దంచును గోరు మీద పరీక్షించి, చివర్ల కోణాలు గుండ్రం చేసి ఉంచుకోండి.