కుక్కపిల్ల పేరుకు పలకడం లేదా? లోపం ఎక్కడుందో ఇలా వెతకండి

కుక్కపిల్లను తెచ్చిన రోజు ఇంట్లో అందరిదీ ఒకటే ప్రశ్న: "ఏం పేరు పెడదాం?" పది రోజులయ్యాక ఆ ప్రశ్న మారుతుంది: "ఎంత పిలిచినా పలకదేం?" అప్పుడు టెన్షన్ మొదలవుతుంది. పుట్టినప్పుడు కుక్కపిల్ల చెవులు మూసుకుని ఉంటాయి. రెండు మూడు వారాలకు తెరుచుకుంటాయి. 8 వారాల వయసులో మీ ఇంటికి వచ్చేసరికి దానికి చక్కగా వినపడుతూ ఉంటుంది. కాబట్టి ముందు మనం పెట్టిన పేరునీ, పిలిచే తీరునీ చూసుకోవాలి. మీ ఇంట్లో కనిపించే లక్షణాన్ని కింద వెతికి, అక్కడి నుంచి మొదలుపెట్టండి.

లక్షణం: పిలిస్తే తల కూడా తిప్పదు

కారణం: ఒక్క పిల్లకు నాలుగు పేర్లు. నాన్నగారు "టైగర్" అంటారు, పాప "టిగ్గీ" అంటుంది, అమ్మ "బుజ్జికన్నా" అంటుంది, నానమ్మ "ఒరేయ్" అంటుంది. కుక్కపిల్లకు ఇవి నాలుగు వేర్వేరు శబ్దాలు. దేనికి తిరిగి చూడాలో దానికి ఎలా తెలుస్తుంది? ఇంకో కారణం కూడా ఉంది. పని ఏమీ లేకుండానే రోజంతా పేరు పిలుస్తుంటాం. పిలిచినప్పుడు ఏమీ జరగకపోతే ఆ శబ్దం ఫ్యాన్ చప్పుడుతో సమానమైపోతుంది.

పరిష్కారం: రెండు వారాల పాటు ఇంటిల్లిపాదీ ఒక్కటే పేరు వాడండి. ఫ్రిజ్ మీద రాసి అతికించండి, పనిమనిషికీ చెప్పండి. ముద్దుపేర్లు తర్వాత ఎన్నయినా పెట్టుకోవచ్చు. రోజుకు మూడు నాలుగు సార్లు, రెండేసి నిమిషాలు ఇలా చేయండి: పిల్ల పక్కకు చూస్తున్నప్పుడు ఒక్కసారే పేరు పిలవండి. మీ వైపు చూడగానే శెనగబద్దంత ఉడికించిన చికెన్ ముక్క పెట్టండి. చూడకపోతే పేరు మళ్లీ మళ్లీ అనకుండా నాలుగడుగులు దగ్గరికి వెళ్లి ప్రయత్నించండి. చికెన్ ఉప్పు, మసాలా లేకుండా ఉడికించింది కావాలి. కూరలోది వద్దు, ఉల్లిపాయ కుక్కలకు విషం. చేతికందింది కదా అని కిస్‌మిస్ కూడా పెట్టకండి, అదీ ప్రమాదమే.

లక్షణం: పేరు పిలిస్తే ఇంకేదో పని చేస్తుంది

తెలుగు ఇళ్లలో అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇదేనని నా నమ్మకం. మా వాడి పేరు రాజా. గేటు తెరిచి ఉన్నప్పుడు "రాజా, ఆగరా!" అని అరిస్తే ఆగకుండా నా వైపే పరిగెత్తుకొచ్చేవాడు. వాడికి మొండితనం అనుకుని నెల రోజులు బాధపడ్డాను. తీరా చూస్తే ఆ మాటలో "రా" రెండుసార్లు ఉంది. రమ్మనడానికి వాడికి నేర్పిందీ "రా" అనే మాటే.

మన మాటల్లో ఈ "రా" అంతటా ఉంటుంది: తినరా, పడుకోరా, ఆగరా, ఏంరా. మగపిల్లతో ప్రేమగా మాట్లాడినప్పుడల్లా అది బయటికి వస్తూనే ఉంటుంది. ఆడపిల్లతో అయితే "ఆగవే", "తినవే" అంటాం కాబట్టి ఈ చిక్కు కొంచెం తక్కువ. అందుకే ఇంకా పేరు పెట్టకపోతే రాజా, రాకీ, రాణి, రాంబో లాంటివి వదిలేయండి. పెట్టేసి ఉంటే పేరు అలాగే ఉంచి, రమ్మనే మాట మార్చండి. మేం "దా" అనడం మొదలుపెట్టాం. వారం తిరిగేసరికి తేడా తెలిసింది, గేటు దగ్గర నా గుండెదడ తగ్గింది.

ఇలాంటి జంటలు ఇంకా ఉన్నాయి. "ముద్దూ" అని పేరు పెట్టి "వద్దు" అని వారిస్తే, పిల్లకు రెండూ ఒకేలా వినిపిస్తాయి. "బ్రూనో" చివర "నో" ఉంది. "కిట్టు"కి "సిట్" దగ్గరగా ఉంటుంది. మీరు నేర్పబోయే నాలుగైదు మాటలను ముందు కాగితం మీద రాసుకోండి. అనుకున్న పేరును వాటి పక్కన పెట్టి గట్టిగా చదవండి. ఎక్కడ ప్రాస కలుస్తుందో చెవికే తెలిసిపోతుంది.

లక్షణం: ఒకరు పిలిస్తే వస్తుంది, ఇంకొకరు పిలిస్తే రాదు

కారణం: పేరు అందరి నోటా ఒకేలా పలకడం లేదు. "మాక్స్" నానమ్మ నోట "మాక్సు" అవుతుంది, "ఫ్లఫీ" "పలపీ" అవుతుంది. మధ్యాహ్నమంతా పిల్ల దగ్గర ఉండేది ఆమే కాబట్టి, ఆమెకు తేలిగ్గా నోరు తిరిగే పేరే మంచి పేరు. రెండక్షరాలు, చివర సాగదీయగల అచ్చు ఉంటే ఇంకా మేలు. "టామీ...", "చిన్నూ..." అని మేడ మీద నుంచి పిలిస్తే వీధి చివరికి వినిపిస్తుంది.

లక్షణం: పేరు వినగానే తోక ముడిచి మంచం కిందకి దూరుతుంది

ఇది చూస్తే నాకు కడుపు తరుక్కుపోతుంది. చెప్పు కొరికినప్పుడు, ఇంట్లో మూత్రం పోసినప్పుడు, స్నానానికి లాక్కెళ్లేటప్పుడు, ఇంజెక్షన్ వేయించేటప్పుడు పేరు పెట్టి అరిచి ఉంటాం. దాని లెక్కలో ఆ పేరు అంటే దెబ్బ, భయం. తిట్లలో పేరు ఈరోజే ఆపేయండి. ఆపాల్సి వస్తే "వద్దు" చాలు. స్నానానికి మీరే వెళ్లి ఎత్తుకొచ్చుకోండి. అన్నం గిన్నె పెట్టేటప్పుడు, షికారుకు బయల్దేరేటప్పుడు మాత్రం పేరు పిలవండి. భయం బాగా పాతుకుపోయి ఉంటే ఆ పేరును బాగుచేయడం కంటే కొత్త పేరు పెట్టడమే తేలిక.

లక్షణం: పేరు పిలిస్తే ఇంట్లోనో పక్కింట్లోనో గొడవ

పక్కింటాయన పేరు, చుట్టాల పిల్లల ముద్దుపేరు, ఇంటి దేవుడి పేరు పెడితే ఎవరో ఒకరు నొచ్చుకుంటారు. పండు, బుజ్జి లాంటివి ఇంట్లో పిల్లాడి ముద్దుపేరు కూడా అయితే పేరు పిలవగానే పిల్లాడూ కుక్కపిల్లా ఇద్దరూ వస్తారు. మన సంప్రదాయంలోంచే పేరు కావాలనుకుంటే "సరమ" ఉంది. పురాణాల్లో దేవతల కుక్క ఆమె. కుక్కను సారమేయం అనడం ఆమె పేరు మీదే వచ్చింది. ఆడపిల్లకు చక్కగా సరిపోతుంది. అయితే "రమ్మ" అంటూ నోట్లో నానితే "రా"కి దగ్గరవుతుంది, స్పష్టంగా పలకండి.

లక్షణం: ఏ పేరుకూ, ఏ చప్పుడుకూ కదలదు

వినికిడి చూడాలి. పిల్ల నిద్రపోతున్నప్పుడు దానికి కనబడకుండా వెనక నిలబడి స్టీలు గ్లాసును చెంచాతో మోగించండి. నేలను తన్నకండి, అదురు దానికి తెలిసిపోతుంది. చెవి కూడా కదపకపోతే పశువైద్యుడికి చూపించండి. డాల్మేషియన్లలో పుట్టు చెవుడు ఎక్కువ. ఒక చెవే వినపడితే పిలుపు వింటుంది కానీ ఎటు నుంచో తెలియక తప్పు దిక్కుకు చూస్తుంది. వినపడని పిల్లకు చేతి సైగే పేరు. గుప్పిట తెరిచి మూయడం లాంటి సైగ ఒకటి ఎంచుకుని, పైన చెప్పిన చికెన్ ముక్క పద్ధతిలోనే నేర్పండి.

లక్షణం: వీధి నుంచి తెచ్చుకున్న పెద్ద కుక్క కొత్త పేరుకు పలకదు

పాత పేరు తెలిస్తే ముందు కొత్తది, వెంటనే పాతది అనండి: "జాజీ... టామీ", ఆ తర్వాత ముక్క. కొద్ది రోజులకు కొత్త పేరు వినగానే, పాతది అనకముందే తల తిప్పుతుంది. అప్పటి నుంచి పాత పేరు మానేయండి. టీకా కార్డు మీద కూడా కొత్త పేరు రాయించండి.