మెడలో బిళ్ల కట్టిందా? తడిమి చూసుకునే పద్ధతి

కణాల మధ్య మిగిలిన నీరు లింఫ్ నాళాల్లోకి చేరి, దారిలోని లింఫ్ గ్రంథుల్లో (ఇవి వాస్తేనే బిళ్ల కట్టిందంటాం) వడకట్టుకుని, చివరికి కాలర్ బోన్ల వెనక సిరల్లో కలుస్తుంది. అందుకే వాచిన గ్రంథిని బట్టి మూలం వెతకొచ్చు: దవడ కింద వాస్తే పన్నో గొంతో, గజ్జల్లో అయితే కాలి పుండో.

తడిమే వైపుకే తల కొద్దిగా వంచండి, కండరం వదులవుతుంది. మూడు వేళ్ల మెత్తని భాగంతో, చర్మాన్ని కదుపుతూ గుండ్రంగా తడమండి. గట్టిగా నొక్కితే గ్రంథి జారిపోయి దొరకదు. చెవి వెనక, దవడ కింద, మెడ పక్కన, చివరగా కాలర్ బోన్ పైగుంటలో చూడాలి. కొట్టుకుంటున్నట్టు తగిలితే అది ధమని. రెండు వైపులా ఒకేసారి నొక్కొద్దు, కళ్లు తిరుగుతాయి. దవడ కింద రెండు పక్కలా ఒకేలా తగిలే మెత్తని ముద్ద చాలాసార్లు లాలాజల గ్రంథే.

సెంటీమీటరు లోపు ఉండి, వేలి కింద కదిలేది మామూలే. గజ్జల్లో ఇంకాస్త పెద్దవీ ఉంటాయి. నొప్పి పుడితే కంగారు పడతారు గానీ, అది ఎక్కువగా ఇన్ఫెక్షన్ వల్లే. నొప్పి లేకుండా రాయిలా గట్టిగా, కదలకుండా ఉన్నదాన్ని, రెండు వారాలైనా తగ్గనిదాన్ని డాక్టరుకు చూపించాలి. కాలర్ బోన్ పైన తగిలితే ఆ రెండు వారాలు కూడా ఆగొద్దు. రోజూ కెలక్కండి, నొప్పి పెరుగుతుంది.