వంశవృక్షం సాఫ్ట్‌వేర్ హెచ్చరికలు చూపిస్తే ఏం చేయాలి?

పెద్దవాళ్లను అడిగి, పాత జాతకాలు వెతికి, రెండు మూడు వందల పేర్లు ఎక్కించాక చాలామంది సరదాకి, తప్పులు వెతికే ‘వెరిఫై’ నొక్కుతారు. వెంటనే హెచ్చరికల చాంతాడు ఒకటి దిగుతుంది. కొందరు భయపడి ఆ జాబితా మూసేస్తారు. ఇంకొందరు ఇంకా పెద్ద పొరపాటు చేస్తారు: హెచ్చరిక పోతే చాలని తేదీలు సవరించేస్తారు. సాఫ్ట్‌వేర్ పట్టుకునేది లెక్కకు అందని విషయాన్ని. అది నిజంగా తప్పో కాదో తేల్చాల్సింది మనమే. ఉచితంగా దొరికే ‘గ్రాంప్స్’ అనే వంశవృక్షం సాఫ్ట్‌వేర్‌తో ఆ పని ఎలా చేయాలో చూద్దాం. మిగతా సాఫ్ట్‌వేర్లలో మెనూలు వేరుగా ఉన్నా పద్ధతి ఇదే.

1. ముందు బ్యాకప్. ‘ఫ్యామిలీ ట్రీస్’ మెనూలో ‘మేక్ బ్యాకప్’ ఉంటుంది. ఇది చేయకుండా ఒక్క తేదీ కూడా ముట్టుకోవద్దు.

2. హద్దులు మన ఇళ్లకు తగ్గట్టు మార్చండి. ‘టూల్స్’లో ‘యుటిలిటీస్’, అందులో ‘వెరిఫై ద డేటా’ తెరవండి. పెళ్లికి కనీస వయసు 17, తల్లి కావడానికి కనీసం 17, భార్యాభర్తల మధ్య తేడా 30 ఏళ్లు దాటకూడదు, మనిషి ఆయుష్షు 90... ఇలా కొన్ని అంకెలు ముందే ఉంటాయి. మన ముత్తవ్వల కాలానికి ఇవి నప్పవు. శారదా చట్టం అమలైంది 1930 ఏప్రిల్‌లో, అదీ ఆడపిల్లకు 14 ఏళ్లే హద్దుగా పెట్టింది. అంతకుముందు తొమ్మిదేళ్లకే పెళ్లయిన అమ్మమ్మల అమ్మలు ఎన్ని ఇళ్లలో లేరు! అందుకని పెళ్లి వయసు 8కి దించండి. తల్లి వయసును మాత్రం 13 కంటే కిందికి దించకండి. పెళ్లి వేరు, కార్యం వేరు. పిల్ల పెద్దమనిషి అయ్యాకే కాపురానికి పంపేవారు. తొమ్మిదేళ్లకు పెళ్లన్నది నమ్మొచ్చు గానీ, పదేళ్లకు కాన్పు అని కనిపిస్తే అక్కడ ఏదో సంవత్సరం తప్పినట్టే.

అదే కిటికీలో, లేని తేదీలనూ అసంపూర్ణ తేదీలనూ అంచనా వేయమనే గడి ఉంటుంది. దానికి తప్పకుండా టిక్ పెట్టండి. లేకపోతే రోజు, నెల లేకుండా ఒట్టి సంవత్సరమే ఉన్న నమోదులను వయసు లెక్కల్లోకి తీసుకోదు. మన పాతతరం నమోదులు ఎక్కువగా అలాంటివే కాబట్టి, తప్పులున్నా జాబితా శుభ్రంగా కనబడుతుంది.

3. అసాధ్యమైనవాటితో మొదలుపెట్టండి. తండ్రి కంటే ముందే పుట్టిన కొడుకు, చనిపోయాక కాన్పైన తల్లి వంటివి. వరుస మీద రెండుసార్లు నొక్కితే ఆ మనిషి వివరాలు తెరుచుకుంటాయి. సగం టైపింగ్ పొరపాట్లే ఉంటాయి. ఒకవేళ తేడా సరిగ్గా 60 ఏళ్లు ఉంటే మాత్రం తెలుగు సంవత్సరాన్ని అనుమానించండి.

ఉదాహరణకు పాత పుస్తకంలో ‘రాక్షస నామ సంవత్సర మాఘ బహుళ విదియ’ అని జననం రాసి ఉందనుకుందాం. రాక్షస 1975–76లో వచ్చింది, అంతకుముందు 1915–16లోనూ వచ్చింది. ఎవరో ఇంటర్నెట్‌లో వెతికి 1976 అని ఎక్కిస్తే, 1940లో పుట్టిన కూతురు తండ్రి కంటే పెద్దదైపోతుంది. దాన్ని 1915గా దిద్దినా పూర్తిగా సరిపోదు. ఉగాది మార్చి, ఏప్రిల్‌లలో వస్తుంది కాబట్టి రాక్షస మాఘం పడేది 1916 మొదట్లో. పుస్తకంలో నెల లేకుండా సంవత్సరం పేరు ఒక్కటే ఉంటే ‘బిట్వీన్ 1915 అండ్ 1916’ అని ఇవ్వండి. పుస్తకంలో ఉన్న మాటను ఉన్నదున్నట్టు నోట్‌లో రాసిపెట్టండి. తద్దినం తిథి తెలిసి ఏడాది తెలియని మరణాలకూ అంతే: తిథి నోట్‌లోకి వెళ్లాలి, తేదీ గడి ఖాళీగా ఉండాలి.

4. సర్టిఫికెట్ పుట్టినరోజులను విడిగా చూడండి. ‘పిల్లలు పుట్టిన వరుసలో లేరు’ అన్న హెచ్చరిక వెనక చాలాసార్లు ఉండేది బడి రికార్డు. హెడ్మాస్టరు వేసిన జులై 1 పెద్దాయన పుట్టినరోజైపోతే, ఆయన తమ్ముడి కంటే చిన్నవాడు కావడం వింతేం కాదు. ఇంట్లో అందరూ ఒప్పుకున్న సంవత్సరాన్ని ‘ఎబౌట్’ చేర్చి అసలు జననంగా ఇవ్వండి. సర్టిఫికెట్ తేదీని రెండో జనన నమోదుగా కింద ఉంచండి. తుడిచేయొద్దు. పెన్షన్ కాగితాల్లో, పాస్‌పోర్టులో ఉండేది అదే కాబట్టి రేపు ఇంకో రికార్డుతో పోల్చడానికి కావాలి.

5. ‘భార్యాభర్తలకు ఒకే ఇంటిపేరు’. తెలుగువాళ్ల వంశవృక్షాల్లో దండిగా వచ్చే హెచ్చరిక ఇది. కోడళ్లందరికీ అత్తింటి ఇంటిపేరు తగిలించడమే కారణం. దీన్ని దాచేయకండి, కూర్చుని దిద్దండి. ప్రధాన పేరులో పుట్టింటి ఇంటిపేరు ఉండాలి. పెళ్లి తర్వాతి పేరును ప్రత్యామ్నాయ పేరుగా, ‘మ్యారీడ్ నేమ్’ రకంతో చేర్చండి. పుట్టింటి పేరు తెలియకపోతే ఖాళీగా వదిలేయండి, మేనమామల వైపు ఎవరో ఒకరు చెప్పకపోరు. ఆ ఒక్క ఇంటిపేరు దొరికితే ఆవిడ వైపు కొమ్మంతా తెరుచుకుంటుంది.

6. ఒకే పేరున్నవాళ్లను తొందరపడి కలపొద్దు. నకిలీ నమోదులను వెతికే పనిముట్టు తాతనూ మనవణ్నీ ఒకరే అనుకుంటుంది. తాత పేరు మనవడికి పెట్టుకునే ఇళ్లలో ముగ్గురు వెంకటసుబ్బయ్యలు ఉండటం మామూలే. ‘మెర్జ్’ నొక్కే ముందు తండ్రి పేరు, భార్య పేరు రెండూ సరిచూడండి. మేనరికాల్లో ఇంకో చిక్కు ఉంది. మేనకోడలిని చేసుకున్నాయన చార్టులో రెండుచోట్ల కనబడతాడు. అది నకిలీ కాదు, ఒకే నమోదుకు రెండు దారులు. ఒకచోట తీసేస్తే రెండుచోట్లా పోతాడు.

7. నిజమైన వింతలకు గుర్తు పెట్టండి. 98 ఏళ్లు బతికిన నాయనమ్మ, 66 ఏళ్లకు తండ్రి అయిన జమీందారు ఉండొచ్చు. ఆధారం సరిచూశాక, వరుస పక్కనున్న గడిలో టిక్ పెట్టి, గుర్తుపెట్టినవాటిని దాచమని చెప్పండి. ఎవరు చెప్పారో, ఏ కాగితంలో ఉందో ఆ మనిషి నోట్‌లో రాయండి. ఆధారం లేనిదానికి మాత్రం టిక్ పెట్టకండి, జాబితాలోనే ఉండనివ్వండి. ఈసారి ఊళ్లో పెళ్లికి వెళ్లినప్పుడు ఎవరిని ఏం అడగాలో ఆ మిగిలిన వరుసలే చెబుతాయి.