మైక్రోబయాలజీ ప్రాక్టికల్స్ మొదలయ్యేలోపు చేతికి అలవాటు కావలసిన జాగ్రత్తలు

ఎం.ఎల్.టి. (మెడికల్ ల్యాబ్ టెక్నాలజీ), నర్సింగ్, డయాలసిస్, ఆపరేషన్ థియేటర్ టెక్నాలజీ... ఏ కోర్సులో చేరినా మైక్రోబయాలజీ ల్యాబ్ తప్పదు. కెమిస్ట్రీ ల్యాబ్‌లో యాసిడ్ చుక్క పడితే వెంటనే మండుతుంది, చెయ్యి దానంతటదే వెనక్కి వస్తుంది. ఇక్కడ కల్చర్ (ల్యాబ్‌లో పెంచిన క్రిములు) చుక్క వేలికి అంటినా ఏమీ తెలియదు. టైఫాయిడ్ క్రిమి అయితే వారానికో రెండు వారాలకో జ్వరంగా బయటపడుతుంది. అప్పటికి ఏ రోజు, ఏ ట్యూబు మూత తీసినప్పుడు అంటిందో ఎవరికీ గుర్తుండదు. ల్యాబుల్లో సోకే జబ్బుల్లో ఎక్కువ భాగం ఇలాంటివే, ఫలానా ప్రమాదం వల్ల వచ్చిందని వేలెత్తి చూపలేనివి. కాబట్టి కింది విషయాలు మొదటి ప్రాక్టికల్ నాటికే అలవాటై ఉండాలి. ప్రతిదానికీ కారణం కూడా చెబుతున్నాం. కారణం తెలిసినవాళ్లు తొందరలో కూడా మెట్టు దాటేయరు.

అడ్మిషన్ నెలలోనే మొదలుపెట్టాల్సినవి

హెపటైటిస్-బి టీకా మూడు డోసులు: మొదటిది వేసుకున్న నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది. అంటే క్లినికల్ పోస్టింగ్ దగ్గర పడ్డాక పరుగెత్తితే కోర్సు పూర్తికాదు. చిన్నప్పుడు వేయించామని ఇంట్లో చెప్పినా కార్డు లేకపోతే దాన్ని నమ్ముకుని ఊరుకోకండి, డాక్టరును అడగండి. మూడో డోసు తర్వాత ఒకటి రెండు నెలలకు టీకా పనిచేసిందో లేదో చెప్పే యాంటీ-హెచ్‌బీఎస్ రక్తపరీక్ష చేయించండి. మిల్లీలీటరుకు 10 మిల్లీ ఇంటర్నేషనల్ యూనిట్లు, అంతకు పైన ఉంటే రక్షణ ఉన్నట్టు. కొందరికి మూడు డోసులు వేసినా ఈ స్థాయి రాదు, వాళ్లకు మళ్లీ వేయాలి.

దీనికి ఇంత పట్టుబట్టడానికి కారణం ఉంది. జబ్బున్న మనిషికి వాడిన సూది గుచ్చుకుంటే హెచ్‌ఐవీ సోకే అవకాశం వెయ్యికి 3, హెపటైటిస్-సి సుమారు వందకు 3. టీకా లేనివాళ్లకు హెపటైటిస్-బి వందకు 30 దాకా ఉంటుంది. అందరూ హెచ్‌ఐవీకి భయపడతారు. అన్నిటికంటే సులభంగా సోకేదానికి మాత్రం టీకా ఉండి కూడా వేయించుకోరు.

గర్భిణులు, స్టెరాయిడ్లు లేదా రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవాళ్లు ఆ సంగతి ల్యాబ్ ఇన్‌ఛార్జికి ముందే చెప్పాలి. సిగ్గుపడి దాచాల్సిన విషయం కాదిది. చేతిమీద కోత, పుండు ఉంటే నీరు చొరని ప్లాస్టరు వేసి, దానిమీద గ్లవ్ వేసుకోండి.

ఏప్రాన్ పూర్తి చేతులది కావాలి, బొత్తాలన్నీ పెట్టాలి. ల్యాబ్‌లోనే విప్పి విడిగా సంచిలో పెట్టాలి. దాంతోనే క్యాంటీన్‌కో, బస్సులోకో, హాస్టల్ మంచం మీదకో వెళ్తే ల్యాబ్‌ను వెంట తీసుకెళ్లినట్టే. జడను ముడి వేసి, చున్నీని ఏప్రాన్ లోపలికి దోపాలి. వేలాడే చున్నీ బర్నర్ మంటకు అందుతుంది, కల్చర్ ప్లేటుకూ అందుతుంది. గాజులు, ఉంగరాలు హాస్టల్‌లోనే వదిలేయండి. చెప్పులు కాదు, వేళ్లు మూసి ఉండే షూ వేసుకోవాలి.

ఇక ఫోన్. గ్లవ్స్‌తో స్లైడు పట్టుకుని, అదే చేత్తో ఫొటో తీసి, సాయంత్రం అదే ఫోన్‌ను చెంపకు ఆనించి మాట్లాడటం ఇప్పుడు అన్ని ల్యాబుల్లోనూ కనిపించే తప్పు. ఫొటో అవసరమైతే ఆ రోజు బెంచి ముట్టుకోని ఒకరు తీయాలి. రికార్డు పుస్తకానికి కూడా బెంచికి దూరంగా చోటు పెట్టుకోండి. పెన్ను నోట్లో పెట్టుకునే అలవాటుంటే ఈ సంవత్సరమే మానాలి.

లూప్, మంట, తుంపర

ల్యాబ్‌లో ఎక్కువ ప్రమాదం పగిలిన సీసాలతో రాదు, గాలిలో తేలే సన్నటి తుంపరలతో వస్తుంది. వాటిని పుట్టించేది మన చేతిలోని లూపే, అంటే క్రిములను ఎత్తడానికి వాడే, కొసన చిన్న వలయమున్న తీగ.

కల్చర్ లేదా కఫం అంటిన లూప్‌ను ఒక్కసారిగా మంటలో పెడితే చిటపటమంటూ చిమ్ముతుంది. చిమ్మిన చుక్కల్లోని క్రిములు బతికే ఉంటాయి. ముందు లూప్‌కు కాస్త పైనున్న తీగను మంటలో పెట్టండి. ఆ వేడికి లూప్ మీది తడి ఆరిపోతుంది. తర్వాత నెమ్మదిగా లూప్‌ను మంటలోకి తెచ్చి, తీగ మొత్తం ఎర్రబడేదాకా నిలువుగా పట్టుకోండి. కఫంలాంటి జిగట నమూనా అయితే ముందుగా ఫినాల్ కలిపిన ఇసుక సీసాలో లూప్‌ను తిప్పి, జిగట వదిలాక మంటలో పెట్టాలి.

ఎర్రబడిన లూప్‌ను 10 నుంచి 15 సెకన్లు చల్లారనివ్వాలి. ఊపకూడదు, ఊదకూడదు. వేడిగానే కాలనీ (క్రిములు గుంపుగా పెరిగిన చుక్క) మీద ఆనిస్తే సుయ్‌మంటుంది. తుంపర లేవడం ఒక నష్టం, లూప్‌కు అంటిన క్రిములు చచ్చి మర్నాడు ప్లేటు ఖాళీగా ఉండటం రెండో నష్టం. 'నా ప్లేట్లో ఏమీ పెరగలేదు' అనే విద్యార్థుల్లో చాలామంది చేసిన పొరపాటు ఇదే.

ట్యూబు దూది మూతను కుడిచేతి చిటికెన వేలితో తీసి అక్కడే పట్టుకోవాలి, బెంచి మీద పెట్టకూడదు. పెట్రి ప్లేటు మూతను లూప్ దూరేంత మేరకే ఎత్తాలి. సూడోమొనాస్ అనే క్రిమికి ద్రాక్షపండ్ల వాసన ఉంటుందని పుస్తకాల్లో చదివి ప్లేటుకు ముక్కు ఆనించే అలవాటు చాలాచోట్ల ఉంది. దయచేసి వద్దు. రోగి నమూనా నుంచి పెరిగింది ఏమిటో తేలకముందే వాసన చూస్తే, అది బ్రూసెల్లా కావచ్చు, మెలియాయిడోసిస్ అనే జబ్బు తెచ్చే బర్ఖోల్డేరియా కావచ్చు. రెండూ పీల్చిన గాలితో సోకుతాయి, రెండూ మన దేశంలో ఉన్నవే. పచ్చిపాలు, పశువుల కాన్పుల వల్ల బ్రూసెల్లా సోకినవాళ్ల రక్తం మీ ల్యాబ్‌కు మామూలు 'జ్వరం కేసు'గానే వస్తుంది.

చేతికి రాసుకున్న శానిటైజర్ పూర్తిగా ఆరాకే బర్నర్ వెలిగించండి. వెలుగుతున్న స్పిరిట్ దీపంలో స్పిరిట్ పోయకండి. పగటి వెలుతురులో ఆ మంట సరిగా కనబడదు.

గ్రామ్ స్టెయిన్: తప్పు జరిగేది ఎక్కడ

డెన్మార్క్‌కు చెందిన హాన్స్ క్రిస్టియన్ గ్రామ్ 1884లో వెల్లడించిన పద్ధతి ఇది. రంగులద్దాక ఊదాగా మిగిలే క్రిములు గ్రామ్ పాజిటివ్, గులాబీగా కనబడేవి గ్రామ్ నెగటివ్. నాలుగు సీసాల పనే గానీ రిపోర్టు తారుమారయ్యే చోట్లు చాలా ఉన్నాయి.

మొదటిది స్మియర్ (స్లైడు మీద పూసిన నమూనా పొర) మందం. సెలైన్ చుక్క చిన్నది చాలు, కాలనీని లూప్ అంచుతో తాకితే చాలు. ఆరాక స్లైడును అచ్చు కాగితం మీద పెడితే స్మియర్‌లోంచి అక్షరాలు చదవగలగాలి. మందంగా ఉంటే లోపలి రంగు పోక, గ్రామ్ నెగటివ్ క్రిములు కూడా ఊదాగా కనబడతాయి. గాలికి పూర్తిగా ఆరిన తర్వాతే మంట మీదుగా రెండు మూడుసార్లు పోనివ్వాలి. స్లైడు అడుగును చేతి వెనుకభాగానికి ఆనిస్తే వేడి తెలియాలి, కాలకూడదు. అంతకు మించితే కణాల ఆకారం చెడుతుంది. తడిగా ఉండగానే వేడి చేస్తే పదార్థం ఉడికి పోతుంది, తుంపరా లేస్తుంది.

క్రిస్టల్ వయొలెట్ (ఊదా రంగు) ఒక నిమిషం, నీళ్లతో కడిగి గ్రామ్స్ అయోడిన్ ఒక నిమిషం, మళ్లీ నీళ్లు. ఆ తర్వాతిదే గండం: రంగు తీయడం. అసిటోన్ అయితే 2–3 సెకన్లు. 95 శాతం ఆల్కహాల్ అయితే స్లైడు నుంచి జారే ద్రవంలో ఊదా ఆగేదాకా, సుమారు 10–30 సెకన్లు. వెంటనే నీళ్లు పోయాలి, నీళ్లు పోసేదాకా రంగు పోతూనే ఉంటుంది. చివర సఫ్రనిన్ (గులాబీ రంగు) అర నిమిషం నుంచి నిమిషం. మీ ల్యాబ్ సీసాలో అసిటోన్ ఉందో ఆల్కహాల్ ఉందో చదవకుండా సెకన్లు లెక్కపెట్టడం వృథా.

అయోడిన్ మరిచిపోతే అన్నీ గులాబీగానే వస్తాయి, ఎందుకంటే క్రిస్టల్ వయొలెట్‌ను క్రిమి గోడలో బంధించేది అయోడినే. 24 గంటలు దాటిన కల్చర్ వాడినా గ్రామ్ పాజిటివ్ క్రిముల గోడ బలహీనపడి గులాబీగా కనబడొచ్చు. వీటన్నిటికీ ఒకే మంచి కాపు ఉంది: స్లైడుకు ఒక చివర స్టెఫైలోకోకస్, మరో చివర ఈ.కోలి, మధ్యలో మీ నమూనా. స్టెఫ్ ఊదాగా, ఈ.కోలి గులాబీగా వస్తేనే మధ్యదాన్ని నమ్మండి.

మైక్రోస్కోపులో నూనె లెన్సు (స్లైడు మీద నూనె చుక్క వేసి చూసేది) వాడేటప్పుడు కండెన్సర్ (స్లైడు కింద వెలుగును కేంద్రీకరించే భాగం) పైకి ఉండాలి, వెలుగు పూర్తిగా తెరవాలి. నూనె వేశాక వెతుక్కోవడానికి 40ఎక్స్ లెన్సుకు వెనక్కి తిప్పకండి, దానికి నూనె అంటితే అందరికీ మసకే. లెన్స్ పేపర్‌తోనే తుడవాలి, ఏప్రాన్ కొసతో కాదు.

కఫం స్లైడ్లు

టీబీ కోసం చేసే జీల్-నీల్సన్ స్టెయిన్‌లో రంగు తొలగించేది 25 శాతం సల్ఫ్యూరిక్ యాసిడ్. తయారుచేస్తే 75 మి.లీ. నీళ్లలో 25 మి.లీ. యాసిడ్‌ను గోడవెంట నెమ్మదిగా పోయాలి. యాసిడ్‌లో నీళ్లు పోస్తే పై పొర ఒక్కసారిగా మరిగి ముఖం మీదకు చిమ్ముతుంది. కళ్లద్దాలు తప్పనిసరి.

స్మియర్ 3 సెం.మీ. పొడవు, 2 సెం.మీ. వెడల్పు. కార్బాల్ ఫుక్సిన్ పోసి ఆవిరి లేచేదాకా కింద వేడి చేసి, 5 నిమిషాలు వదలాలి. మరగనివ్వకూడదు, ఎండనివ్వకూడదు. ఎండితే మిగిలే ఎర్రటి స్ఫటికాలు టీబీ బ్యాసిల్లైల్లా, అంటే కడ్డీ ఆకారపు క్రిముల్లా కనిపించి మోసం చేస్తాయి. యాసిడ్ 2–4 నిమిషాలు, మిథిలీన్ బ్లూ 30 సెకన్లు. వాడిన స్లైడును కడిగి మళ్లీ వాడొద్దు. నూనె చుక్క వేసే గొట్టం స్లైడును తాకకూడదు, ఒకరి క్రిములు ఇంకొకరి స్లైడుకు చేరేది అలాగే. 100 ఫీల్డుల్లో (మైక్రోస్కోపులో ఒక్కసారి కనిపించే మేర ఒక ఫీల్డు) టీబీ క్రిములు 1 నుంచి 9 కనిపిస్తే సంఖ్య రాసి స్కాంటీ (కొద్దిగా), 10 నుంచి 99 అయితే 1+. నాలుగు ఫీల్డులు చూసి నెగటివ్ రాస్తే, ఆ మనిషి ఇంటికెళ్లి పిల్లల పక్కన దగ్గుతూనే ఉంటాడు.

ఆటోక్లేవ్, ఒలికినవి, గుచ్చుకున్నవి

ఆటోక్లేవ్‌లో (ఆవిరి పీడనంతో క్రిములను చంపే పాత్ర) మీడియాకు, అంటే క్రిములు పెరిగే ఆహారానికి, 121 డిగ్రీల సెల్సియస్, చదరపు అంగుళానికి 15 పౌండ్ల పీడనం, 15 నిమిషాలు. లోపలి గాలి పూర్తిగా పోయేదాకా ఆవిరి వాల్వ్ తెరిచే ఉంచాలి. గాలి మిగిలితే గేజీ 15 చూపించినా లోపల 121 డిగ్రీలు రాదు. ఫ్లాస్కును మూడింట రెండు వంతులకు మించి నింపొద్దు, స్క్రూ మూతలు వదులుగా ఉంచండి. గేజీ సున్నాకు రాకముందు తెరిస్తే మీడియా పొంగి చేతుల మీద పడుతుంది. బ్లీచింగ్ ద్రావణంలో నానిన వ్యర్థాన్ని ఆటోక్లేవ్‌లో పెట్టకండి, విషవాయువు వస్తుంది.

కల్చర్ ఒలికితే పక్కవాళ్లను ఆపి, గ్లవ్స్ వేసుకుని, దూది లేదా పేపర్ కప్పి, 1 శాతం హైపోక్లోరైట్ (బ్లీచింగ్ ద్రావణం)ను అంచుల నుంచి మధ్యకు పోయండి. 20–30 నిమిషాలు వదలండి. 5 శాతం సీసా అయితే ఒక పాలు మందుకు నాలుగు పాళ్లు నీళ్లు, ఏ రోజుకారోజు కలపాలి. గాజుముక్కలు ఫోర్సెప్స్‌తోనే తీయాలి.

సూది గుచ్చుకుంటే సబ్బు, పారే నీళ్లతో కడగండి. పిండొద్దు, నోట్లో పెట్టుకోవద్దు, స్పిరిట్ పోయొద్దు. వెంటనే ఇన్‌ఛార్జికి చెప్పండి. హెచ్‌ఐవీ నివారణ మందులు వీలైతే 2 గంటల్లో మొదలుకావాలి, 72 గంటలు దాటితే ఫలితం ఉండదు, 28 రోజులు వాడాలి. మందులు కావాలా వద్దా అన్నది డాక్టరు తేలుస్తారు. తిడతారేమోనని మర్నాటి దాకా దాచడమే ఇక్కడ జరిగే పెద్ద నష్టం. సూదికి మళ్లీ మూత పెట్టొద్దు, నేరుగా తెల్లటి గుచ్చుకోని డబ్బాలోకి. గ్లవ్స్ ఎర్ర సంచిలోకి, పగిలిన గాజు నీలం డబ్బాలోకి, రక్తం అంటిన దూది పసుపు సంచిలోకి. కల్చర్ ప్లేట్లు ల్యాబ్‌లోనే క్రిములు చచ్చేలా శుద్ధి చేశాకే పసుపు సంచి ఎక్కాలి.

ప్రాక్టికల్ పరీక్ష రోజు

కటలేజ్ పరీక్షకు (హైడ్రోజన్ పెరాక్సైడ్ తాకితే బుడగలు వస్తాయా అని చూసేది) బ్లడ్ అగార్ (రక్తం కలిపిన మీడియా) మీది కాలనీ తీసుకోకండి. ఎర్ర రక్తకణాల్లోనే కటలేజ్ ఉంటుంది, బుడగలు వాటివల్లా వస్తాయి. నిక్రోమ్ లోహపు లూప్ కూడా బుడగలు తెప్పిస్తుంది, చెక్కపుల్ల వాడండి. రంగు మారడం చూసే ఆక్సిడేజ్ పరీక్షకూ చెక్కపుల్లే, ఫలితం 10 సెకన్లలో చదవాలి, తర్వాత వచ్చే రంగు లెక్కలోకి రాదు. ప్లేటు మీద పేరు, తేదీ అడుగువైపు రాయండి, మూతలు మారిపోతాయి. ఇంక్యుబేటర్‌లో (క్రిములు పెరిగేందుకు వెచ్చగా ఉంచే పెట్టె) తలకిందులుగా పెట్టండి, లేకపోతే మూత మీది చెమ్మ కాలనీల మీద కారి అన్నీ కలిసిపోతాయి.

బయటికొచ్చేటప్పుడు ముందు గ్లవ్స్, తర్వాత ఏప్రాన్, ఆపైన సబ్బుతో 40–60 సెకన్లు చేతులు. వేళ్ల సందులు, బొటనవేలు, గోళ్ల కొనలు ఎక్కువమంది వదిలేసే చోట్లు. కడిగిన చేత్తో కుళాయి తిప్పకుండా పేపర్‌తో పట్టుకుని కట్టేయండి.